తాళం తప్పిన ఇంజన్

"బండి బానే ఉండేదండీ. సర్వీసు చేయించాకే ఇలా అయింది."

పాత డీజిల్ కారు ఉన్నవాళ్లని ఎవరినైనా కదిపి చూడండి, ఈ మాట ఒక్కసారైనా అని ఉంటారు. గ్యారేజీలో ఈ మాట అంటే మెకానిక్ మొహం చిట్లిస్తాడు. తన పనికి వంక పెడుతున్నారనుకుంటాడు. నిజానికి రోగం ఆనవాలు సగం ఆ మాటలోనే ఉంటుంది. మొన్నటిదాకా నిలకడగా తిరిగిన ఇంజన్ ఇవాళ ఆగి ఉన్నచోట వణుకుతోందంటే, ఈ మధ్యలో ఎవరో ఏదో విప్పారు, ఏదో తిప్పారు, ఏదో బిగించారు. ముందు చూడాల్సింది ఆ చేతులు పడ్డ చోటే. విచిత్రం ఏమిటంటే, చాలామంది అక్కడ తప్ప మిగతా అన్నిచోట్లా వెతుకుతారు.

ఈ వ్యాసంలో మనం మాట్లాడుకునేది కామన్ రైల్ రాకముందు నాటి డీజిళ్ల గురించి. ఇసుజు ఇంజన్ పెట్టిన అంబాసిడర్లు, తొలినాటి ఇండికాలు, ప్యుజో ఇంజన్‌తో వచ్చిన జెన్ డీజిళ్లు, ఆ తరం బండ్లన్నమాట. వీటిలో డీజిల్‌ని కొలిచి పంపేది కంప్యూటర్ కాదు, బెల్టుతో తిరిగే పంపు. స్కానర్ పెడితే కోడ్ చెప్పి పెట్టే సదుపాయం లేదు. చెవి, ముక్కు, చెయ్యి, కాస్త లెక్క, ఇవే మన స్కానర్లు. థర్మల్ ఇంజనీరింగ్ సబ్జెక్టులో మార్కుల కోసం చదివిన విషయాలు నిజంగా పనికొచ్చే చోటు ఇది.

ముందు ఒక ప్రశ్న. ఇంజన్ ఐడ్లింగ్‌లోనే ఎందుకు వణుకుతుంది? రోడ్డెక్కి ఎనభైలో పోతుంటే అదే ఇంజన్ వెన్నలా ఉంటుంది కదా?

లెక్క వేద్దాం. రెండు లీటర్ల డీజిల్ ఇంజన్, 800 ఆర్‌పీఎం దగ్గర ఊరికే తిరుగుతోంది. గంటకి 0.6 లీటరు తాగుతుందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి ఒక్కో సిలిండర్లో డీజిల్ పడుతుంది. అంటే సిలిండరుకి నిమిషానికి 400 సార్లు, నాలుగు సిలిండర్లకి కలిపి 1,600 సార్లు, గంటకి 96,000 సార్లు. 0.6 లీటరు అంటే 6,00,000 ఘన మిల్లీమీటర్లు. భాగిస్తే ఒక్కో సారికి వచ్చేది 6.25 ఘన మిల్లీమీటర్లు. కంట్లో వేసుకునే మందు చుక్క దాదాపు 50 ఘన మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే చుక్కలో ఎనిమిదో వంతు! ఆ ఎనిమిదో వంతుని నాలుగు సిలిండర్లకీ సమానంగా పంచాలి, నిమిషానికి 1,600 సార్లు, ఏళ్ల తరబడి. పాతికేళ్ల కిందటి పంపు ఆ పని చేస్తోందంటే దానికి ఓ దండం పెట్టొచ్చు.

ఇప్పుడు ఒక సిలిండరుకి ఒక ఘన మిల్లీమీటరు తక్కువ అందిందనుకోండి. ఐడ్లింగ్‌లో అది 16 శాతం లోటు. పూర్తి బరువుతో ఘాటు ఎక్కుతున్నప్పుడు ఒక్కో సారికి పడే డీజిల్ ఇందుకు ఐదారు రెట్లు ఉంటుంది. అప్పుడు అదే ఒక ఘన మిల్లీమీటరు మూడు శాతమే. పట్టించుకునేవాడే ఉండడు.

లెక్కలో రెండో ముక్క ఇంకా బావుంటుంది. 800 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్లూ సమానంగా కొడితే సెకనుకి దాదాపు 27 దెబ్బలు. ఇంజన్ కింద ఉండే రబ్బరు మౌంటింగులు ఇలాంటి చకచక దెబ్బల్ని మింగేస్తాయి. ఒక సిలిండరు నీరసించిందనుకోండి, అప్పుడు వచ్చే కుదుపు నాలుగు దెబ్బలకి ఒకసారి, సెకనుకి 6.7 సార్లు. అది మౌంటింగుల మీద ఇంజన్ సహజంగా ఊగే వేగానికి దగ్గర్లో పడుతుంది. ఇక రబ్బరు దాన్ని మింగలేదు. ఛాసిస్‌కి, సీటుకి, స్టీరింగుకి, డాష్‌బోర్డు మీద అతికించిన వెంకన్న బొమ్మకి, అన్నింటికీ పంచేస్తుంది. మన క్లబ్బులో పాడేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నాలుగు దెబ్బల తాళంలో ప్రతిసారీ మూడో దెబ్బ మెత్తగా పడితే, పాట వేగంగా ఉన్నప్పుడు దాటిపోతుంది, విలంబంలో మాత్రం దొరికిపోతుంది. ఎక్సలేటరు తొక్కితే వణుకు పోయిందంటే జబ్బు పోయిందని కాదు, రబ్బరు దాన్ని దాచేసిందని.

మూడో ముక్క గవర్నర్ గురించి. పంపులోని గవర్నరుకి తెలిసింది ఒక్కటే, ఇంజన్ సగటు వేగం. ఏ సిలిండరు కష్టపడుతోందో, ఏది కునుకు తీస్తోందో దానికి తెలీదు. వేగం తగ్గితే నలుగురికీ కలిపి కాస్త ఎక్కువ వడ్డిస్తుంది. ఆకలి లేనివాడు వదిలేస్తాడు, మిగతా ముగ్గురూ ఇంకా గట్టిగా కొడతారు. తేడా తగ్గకపోగా పెరుగుతుంది.

ఈ మూడు ముక్కలూ మనసులో పెట్టుకుంటే, ఐడ్లింగ్ బాగోనప్పుడు వెంటనే ఐడిల్ స్క్రూ తిప్పడం ఎందుకు తప్పో అర్థమవుతుంది. 800 ఉన్నదాన్ని 1,000కి పెంచితే వణుకు కచ్చితంగా తగ్గుతుంది. కస్టమరు సంతోషంగా బండి తీసుకెళ్తాడు. లోపల జబ్బు అలాగే ఉంటుంది, పైగా ఇప్పుడు దాని గుర్తు కూడా మాసిపోయింది.

మా బాబాయ్ బండి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. రాజమండ్రిలో ఆయనది ఇసుజు డీజిల్ అంబాసిడర్. 2000 సీసీ అంటారు కానీ, కచ్చితంగా చెప్పాలంటే 1,995 సీసీ. బోరు 84, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, లెక్క కట్టి చూసుకోండి. పెళ్లి ట్రిప్పులకి, అన్నవరం మొక్కులకి తిప్పుతాడు. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక సామాను దొరకడం రానురాను కష్టమైంది కాబట్టి బండిని పసిపిల్లలా చూసుకుంటాడు. మాఘమాసం పెళ్లిళ్లకి ముందు ఒక గ్యారేజీలో ఒకేసారి అన్నీ చేయించాడు. టైమింగ్ బెల్టు మార్చారు, ట్యాపెట్లు సెట్ చేశారు, నాజిళ్లు సర్వీసు చేశారు, డీజిల్ ఫిల్టరు మార్చారు. బండి తెచ్చుకున్న రోజు సాయంత్రానికి గేటు దగ్గర ఆపితే మొత్తం వణకడం మొదలైంది. తిరిగి తీసుకెళ్తే స్క్రూ తిప్పి వేగం పెంచారు. రెండు రోజులకి మళ్లీ వెళ్తే కంప్రెషన్ చూసి, "కంప్రెషన్ బ్రహ్మాండంగా ఉంది, ఇక పంపు పోయినట్టే, 18,000 అవుద్ది" అన్నారు. బాబాయ్ చీటీ పాడదామని కూడా నిర్ణయించేసుకున్నాడు.

మా వీధి చివర ఆర్టీసీలో చేసి రిటైరైన మేస్త్రి గారు ఉన్నారు. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లిన నేను, బాబాయ్‌ని ఆయన దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు. అరుగు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలెట్టారు.

"ఏమేం విప్పారు?"

బాబాయ్ చెప్పాడు.

"ఐడిల్ స్క్రూ ఎన్ని చుట్లు తిప్పారు?"

"తెలీదండి. నేను టీ తాగడానికెళ్లాను."

"పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఎలా ఉంటది?"

"సుబ్బరంగా ఉంటదండి. పావుగంట తిరిగాక మొదలవుద్ది."

"పొగ?"

"వణుకుతున్నప్పుడు కొంచెం తెల్లగా వస్తందండి. వాసన కళ్లు మండిపోద్ది."

"ఆర్‌పీఎం పైకీ కిందకీ ఊగుద్దా, ఒకేచోట ఉండి కుదుపుద్దా?"

"ఒకేచోట ఉండి కుదుపుద్దండి."

మేస్త్రి గారు నా వైపు తిరిగి, "చదువుకుంటున్నావుగా బాబూ, ఏవిటో చెప్పు చూద్దాం" అన్నారు.

ఆ చివరి రెండు ప్రశ్నల విలువ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఊగడం వేరు, కుదపడం వేరు. వేగం ఉయ్యాలలా 700కి, 950కి మధ్య ఊగుతుంటే దాన్ని గ్యారేజీల్లో హంటింగ్ అంటారు. అది సాధారణంగా అన్ని సిలిండర్లకీ కలిపి వచ్చిన ఇబ్బంది. డీజిల్లో గాలి చేరడం, గవర్నర్ పట్టేయడం, పంపు టైమింగ్ వెనక్కి పోవడం లాంటివి. వేగం ఒకేచోట ఉండి లయ మాత్రం తప్పుతుంటే, అది ఏదో ఒక్క సిలిండరు గొడవ. దీన్నే మిస్సింగ్ కొడుతోంది అంటారు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే వెతకాల్సిన చోట్లు సగానికి తగ్గుతాయి.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక చెడడం ఇంకా పెద్ద ఆధారం. హీటర్ ప్లగ్గు పోయినా, టైమింగ్ వెనక్కి ఉన్నా, రింగులు అరిగినా ఇబ్బంది పొద్దున్నే ఎక్కువ, వేడెక్కేకొద్దీ తక్కువ. ఇక్కడ జరుగుతున్నది తలకిందులు. "పంపు అరిగినా వేడి మీద తేడా చేస్తది బాబూ, డీజిల్ పలచబడి లోపల కారుద్ది కాబట్టి. కానీ పంపుకి ఒక్క సిలిండరు మీదే పగ ఉండదు గదా" అన్నారు మేస్త్రి గారు. ఈ రకం పంపులో నాలుగు సిలిండర్లకీ డీజిల్ పంపేది ఒకే ప్లంజరు. ఒక్కో పైపుకీ విడిగా ఉండే డెలివరీ వాల్వు ఏదైనా చెడితే తప్ప, ఒక సిలిండరుని మాత్రమే మాడ్చడం దానికి చేతకాదు.

అయినా అనుమానం మీద ఎవర్నీ వదిలెయ్యకూడదని మర్నాడు పని మొదలెట్టాం. ముందు అన్నిటికన్నా సులువైనది, డబ్బు ఖర్చు లేనిది. ఫిల్టరు మార్చారు కాబట్టి గాలి పట్టిందేమో చూడాలి. పంపులోకి వెళ్లే రబ్బరు పైపు స్థానంలో జానెడు పారదర్శక పైపు పెట్టాం, డీజిల్‌కి తట్టుకునే రకం. స్టార్ట్ చేసిన కొత్తలో నాలుగు బుడగలు పోయి, తర్వాత నిండుగా వచ్చింది. ఆగకుండా బుడగలు వస్తుంటే ఎక్కడో క్లిప్పు వదులుగా ఉన్నట్టో, ఫిల్టరు వాషరు సరిగా కూర్చోనట్టో. అది కాదని పది నిమిషాల్లో తేలిపోయింది.

తర్వాత బండిని అరగంట తిప్పి, బాగా వేడెక్కి వణుకు మొదలయ్యాక అసలు పరీక్ష. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కో నాజిల్ దగ్గర హైప్రెషర్ పైపు నట్టుని అర చుట్టు వదులు చేయడం. డీజిల్ నాజిల్లోకి పోకుండా అక్కడే కారిపోతుంది, ఆ సిలిండరు పని మానేస్తుంది. బాగా పనిచేస్తున్న సిలిండరుని ఆపితే ఇంజన్ శబ్దం దిగిపోతుంది, వణుకు పెరుగుతుంది. ఆపినా ఏ తేడా రాలేదంటే, ఆ సిలిండరు అంతకుముందే పని చేయట్లేదన్నమాట. ఒకటి వదులు చేశాం, ఇంజన్ దిగింది. బిగించాం. రెండు, దిగింది. మూడు... ఏమీ కాలేదు. నాలుగు, దిగింది. మూడో సిలిండరు దొంగ.

ఈ పరీక్ష మీరు ఎవరైనా చేసే ముందు ఒక హెచ్చరిక, దీన్ని దాటేసి చదవద్దు. ఈ నాజిళ్లు తెరుచుకునే ఒత్తిడి 120 బార్ చుట్టుపక్కల ఉంటుంది. కారు టైర్లో గాలి రెండు బార్లకి కాస్త పైన. ఆ ఒత్తిడితో సన్నగా చిమ్మే డీజిల్ చర్మంలోంచి దూసుకుపోతుంది. పైకి గుండుసూది గుచ్చినట్టే కనబడుతుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే పసుపు పెట్టుకుని కూర్చోకుండా, జరిగింది చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నట్టు చుట్టూ మందపాటి గుడ్డ, కళ్లకి అద్దాలు, అర చుట్టుకి మించకుండా, చెయ్యి పైపు ఎదురుగా పెట్టకుండా చేయాలి. కామన్ రైల్ ఇంజన్ మీద మాత్రం ఈ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు. అక్కడ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. (నట్టు వదులు చేయడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. ల్యాబుల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద నాలుగు దారుల దగ్గరా వేడి చూడండి. చల్లగా ఉన్నది కుంటి సిలిండరు.)

మూడో సిలిండరు అని తెలిసింది సరే, ఎందుకు? డీజిల్ మండాలంటే రెండే కావాలి. సరిగ్గా చిమ్మిన డీజిల్, సరిపడా వేడెక్కిన గాలి. మొదటిది నాజిల్ పని, రెండోది కంప్రెషన్ పని. నాజిల్ నిజాయితీ తేల్చడానికి మూడోదాన్ని ఒకటో దాంట్లో, ఒకటోదాన్ని మూడో దాంట్లో పెట్టాం, కొత్త వాషర్లతో. జబ్బు నాజిల్‌తో పాటు ఒకటో సిలిండరుకి వెళ్తే నాజిల్ తప్పు. వెళ్లలేదు. మూడులోనే ఉండిపోయింది.

మిగిలింది కంప్రెషన్. గ్యారేజీ వాళ్లు చూశారు, నాలుగింటికీ 28 బార్ దగ్గరే వచ్చిందట. అబద్ధం ఏమీ కాదు. కానీ వాళ్లు చూసింది పొద్దున్నే, షట్టరు తెరవగానే, చల్లటి ఇంజన్ మీద. బండి వణికేది వేడి మీద. గేజి తెప్పించి వేడి మీద మళ్లీ పెట్టాం. మూడు సిలిండర్లు దాదాపు అంతే ఉన్నాయి. మూడోది 19 దగ్గర ఆగిపోయింది. మేస్త్రి గారు గేజి కిందపెట్టి, "కవరు విప్పండి" అన్నారు.

రాత్రంతా చల్లారనిచ్చి ట్యాపెట్ కవరు విప్పాం. 1-3-4-2 వరసలో కొట్టే ఇంజన్‌లో ట్యాపెట్ చూడడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఒకటీ నాలుగూ జంట, రెండూ మూడూ జంట. జంటలో ఒకదాని ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుంటూ ఊగే క్షణంలో, రెండోదాని రెండు వాల్వులూ పూర్తిగా మూసుకుని ఉంటాయి. అప్పుడే గ్యాపు కొలవాలి. క్రాంకు బోల్టుకి పానా పెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పి, రెండోది ఊగేచోట ఆపి మూడోది చూశాం. ఇన్‌లెట్ సరిగ్గా ఉంది. ఎగ్జాస్ట్ దగ్గర ఫీలర్ గేజిలో అన్నిటికన్నా పలచటి 0.05 రేకు కూడా దూరలేదు.

ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. గ్యాపు సెట్ చేశాక లాక్ నట్టు బిగించాలి. బిగించేటప్పుడు స్క్రూని స్క్రూడ్రైవరుతో కదలకుండా పట్టుకోకపోతే, నట్టుతో పాటు అదీ తిరుగుతుంది. స్క్రూ పిచ్ ఒక మిల్లీమీటరు అనుకుంటే, పావు చుట్టు తిరిగితే 0.25 మిల్లీమీటరు గ్యాపు మాయం. ఎగ్జాస్టుకి ఉండే మొత్తం గ్యాపే దాదాపు అంత. అందుకే లాక్ నట్టు బిగించాక మళ్లీ ఒకసారి రేకు దూర్చి చూడమంటారు. హడావిడిలో ఎగిరిపోయేది ఆ రెండోసారే.

ఇక వేడికీ దీనికీ సంబంధం. ఎగ్జాస్ట్ వాల్వు పొడవు 100 మిల్లీమీటర్లు అనుకోండి. దాని సగటు ఉష్ణోగ్రత 300 డిగ్రీలు పెరిగితే, వ్యాకోచ గుణకం డిగ్రీకి 15×10⁻⁶ వేసుకుంటే, పొడవు 0.45 మిల్లీమీటరు పెరుగుతుంది. సిలిండర్ హెడ్ కూడా వ్యాకోచిస్తుంది కాబట్టి అంతా గ్యాపులోంచే పోదు, కొంత పోతుంది. ఆ కొంత కోసమే గ్యాపు వదిలేది. ఇక్కడ గ్యాపే లేదు. చల్లగా ఉన్నప్పుడు వాల్వు బొటాబొటిగా మూసుకుంటుంది, కంప్రెషన్ 28 వస్తుంది. వేడెక్కి పొడవు పెరిగాక సీటు మీద కూర్చోలేక సన్నటి సందు మిగులుతుంది. ఐడ్లింగ్‌లో పిస్టన్ నెమ్మదిగా లేస్తుంది, ఆ సందులోంచి గాలి జారిపోడానికి బోలెడు సమయం. గాలి తగ్గితే వేడి తగ్గుతుంది, డీజిల్ సగం మండి సగం తెల్లపొగగా, కళ్లు మండే వాసనగా బయటికొస్తుంది. వేగం పెరిగితే జారిపోడానికి సమయం చాలదు, సిలిండరు మళ్లీ పుంజుకుంటుంది. బాబాయ్ అరుగు మీద చెప్పిన ప్రతి ముక్కా ఇక్కడ సరిపోయింది.

ఇలాగే నడిపి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పుకోవాలి. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకి ఆనినప్పుడే దించుకుంటుంది. సీటుకి ఆనకపోతే వేడి దిగదు, పైగా ఆ సందులోంచి మండే వాయువు దూసుకుపోతుంటుంది. అంచు కాలి ముక్క ఊడుతుంది. అప్పుడు హెడ్ దించాలి. 18,000 పెట్టి పంపు చేయించినా వణుకు పోయేది కాదు, పెళ్లిళ్ల మధ్యలో ఎక్కడో వాల్వు కాలి ఆగిపోయేది.

మాన్యువల్‌లో చల్లటి ఇంజన్‌కి ఇచ్చిన కొలత ప్రకారం ఎనిమిది వాల్వులూ మళ్లీ చూసి సెట్ చేశాం. స్టార్ట్ చేసి అరగంట తిప్పాం. వణుకు లేదు, కానీ ఇంజన్ పరిగెడుతున్నట్టు ఉంది. ఎందుకంటే ఐడిల్ స్క్రూ ఇంకా గ్యారేజీ వాళ్లు పెంచినచోటే ఉంది. చుట్టున్నర వెనక్కి తిప్పితే 800కి దిగి కుదురుగా నిలబడింది. ఖర్చు కవరు గాస్కెట్, నాలుగు వాషర్లు. మేస్త్రి గారు డబ్బు తీసుకోలేదు గానీ, తర్వాత మనవరాలి పెళ్లికి బండి ఊరికే అడిగారు, అది వేరే విషయం.

అందరి బండీ ట్యాపెట్ దగ్గరే చెడుతుందని కాదు. అదే సర్వీసులో ఇంకేం తప్పు జరిగినా ఆనవాళ్లు వేరుగా ఉంటాయి.

టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పితే అది చిన్న తేడా అనుకోకండి. క్రాంకు పుల్లీకి 20 పళ్లుంటే ఒక్క పన్ను అంటే క్రాంకు మీద 18 డిగ్రీలు. పంపు అంత వెనక్కి పోతే స్టార్టవడమే గగనం, అయినా ఊరంతా తెల్లపొగ. అంత ముందుకి పోతే సుత్తితో కొట్టినట్టు శబ్దం. పన్ను తప్పకుండా, పంపు బాడీని దాని స్లాటులో కాస్త అటూ ఇటూ జరిపి బిగించినప్పుడు తేడా చిన్నగా వస్తుంది. దాన్ని చెవితో తేల్చకూడదు. పంపు వెనక బోల్టు తీసి డయల్ గేజి పెట్టి, టాప్ డెడ్ సెంటర్ దగ్గర ప్లంజరు ఎంత లేచిందో కొలవాలి. ఆ కొలత మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉంటుంది, కచ్చితమైన అంకె ఆ ఇంజన్ మాన్యువల్‌లోదే తీసుకోవాలి. టైమింగ్ తప్పు నాలుగు సిలిండర్లనీ ఒకేలా బాధిస్తుంది, అందుకే ఇందాకటి నట్టు పరీక్షలో ఏ ఒక్కటీ విడిగా దొరకదు.

నాజిళ్లు సర్వీసు చేసినప్పుడు నాలుగూ ఒకే ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలి. లోపల స్ప్రింగు మీద పెట్టే షిమ్ 0.05 మిల్లీమీటరు మారితే ఒత్తిడి సుమారు ఐదు బార్లు మారుతుంది. ఒకటి 115 దగ్గర, ఇంకోటి 130 దగ్గర తెరుచుకుంటుంటే ఐడ్లింగ్ ఎప్పటికీ కుదురుకోదు. నాజిల్ కింద వాషరు పాతదే వేసినా, తిరగేసి వేసినా చుఫ్ చుఫ్ అని గాలి తన్నే శబ్దం వస్తుంది. ఆ చోట సబ్బునీళ్లు చల్లితే బుడగలు చూపిస్తాయి.

కొన్నిసార్లు ఇంజన్‌లో ఏ తప్పూ ఉండదు. మైలేజి కోసమని ఐడిల్‌ని 650కి దించేస్తారు. అప్పుడు ఆరోగ్యమైన దెబ్బలు కూడా మౌంటింగులు మింగలేని వేగానికి దిగుతాయి. లేదా రబ్బరు మౌంటింగు ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. నాలుగు సిలిండర్లూ పరీక్షలో సమానంగా దిగుతున్నా క్యాబిన్ మాత్రం వణుకుతుంటే, పానాలు పక్కనపెట్టి బండి కింద టార్చి వేసి చూడండి.

పంపు మీద సీలు వైరు చుట్టి ఇంకో స్క్రూ ఉంటుంది. అది పూర్తి లోడు డీజిల్‌ని నిర్ణయించేది. ఐడ్లింగ్ కోసం దాన్ని తిప్పేవాళ్లు ఉన్నారు. ఈ రకం పంపులో అది తిప్పితే ఐడ్లింగ్ వేగం కూడా కదులుతుంది కాబట్టి బాగైనట్టే అనిపిస్తుంది. కానీ తర్వాత ఘాటు ఎక్కేటప్పుడు నల్లపొగ, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర గొడవ. సీలు తెగి ఉన్న పంపుని క్యాలిబ్రేషన్ బెంచి మీదికి ఎక్కించక తప్పదు. అందుకే బండి గ్యారేజీలో ఇచ్చేముందు తెల్ల పెయింటుతో మూడు గీతలు గీసి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పంపు బాడీకీ బ్రాకెట్‌కీ కలిపి ఒకటి, ఐడిల్ స్క్రూకీ దాని నట్టుకీ కలిపి ఒకటి, సీలు స్క్రూ మీద ఒకటి. ఎవరు ఏం తిప్పారో, ఎంత తిప్పారో అడగకుండానే తెలుస్తుంది.